ఫొటోలో పొలం – 4వ పాఠం: గట్టు మీంచి, గాల్లోంచి

పోయిన పాఠంలో నింగీ నేలా కలిసే గీతను ఫ్రేములో ఎక్కడ పెట్టాలో చూశాం. ఈసారి ఆ గీతే లేకుండా చేద్దాం. చోటు కోనసీమ, కాలం సార్వా నాట్లు. దమ్ము చేసిన మడుల్లో నీళ్లు, చుట్టూ కొబ్బరిచెట్లు.

ముందు నేల మీద. గట్టు మీద నిలబడి తీస్తే కాళ్ల దగ్గర నీళ్లలో బురదే కనిపిస్తుంది. గొంతుక్కూర్చుని కెమెరాను నీళ్లకు జానెడు ఎత్తుకు దించండి. అదే మడి అద్దమైపోతుంది, కొబ్బరిచెట్ల ప్రతిబింబాలు తలకిందులుగా మీ వైపు సాగి వస్తాయి. అయితే ఇందులో ఒక నష్టం ఉంది. మధ్యలో ఉన్న నాలుగు మడులూ నొక్కుకుపోయి ఒకే గీతలా కనిపిస్తాయి. మడి వెనక మడి కనబడాలంటే మోకాలి ఎత్తుకు రండి, గట్టును ఫ్రేము మూల నుంచి లోపలికి నడిపించండి. గాలి లేవకముందే తీయాలి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే విప్పి జేబులో వేసుకోండి, అది మనకు కావలసిన ప్రతిబింబాన్నే తినేస్తుంది.

ఇక డ్రోన్. గ్రీన్ జోన్‌లో, అంటే ముందుగా అనుమతి అడగక్కర్లేని చోట, 120 మీటర్ల దాకా ఎగరేయవచ్చు (ప్రభుత్వ డ్రోన్ సైటు డిజిటల్ స్కైలో మ్యాప్ చూశాకే). ఎగరేయవచ్చు కదా అని మొదటిరోజు నేను అంత ఎత్తుకూ పోయాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ మ్యాపు ముక్కలే. లెక్క చూడండి: 24 ఎం.ఎం. లెన్సుతో తిన్నగా కిందికి తీస్తే, 120 మీటర్ల ఎత్తులో సుమారు 180 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. మనిషి చుక్కైపోతాడు. 40 మీటర్లకు దిగితే 60 మీటర్లే పడుతుంది, మనిషి మనిషిలా కనిపిస్తాడు. కొబ్బరిచెట్లు పాతిక మీటర్ల దాకా పెరుగుతాయి, మరీ కిందికి దించకండి.

పైనుంచి చూస్తే లోతు ఉండదు. ఉండేవి రంగులు, అంచులు. నాట్లేసేవాళ్లు వెనక్కి నడుస్తూ నాటుతారు కదా, వాళ్ల వరుసకు ముందు పచ్చన, వెనక మట్టిరంగు నీళ్లు. ఆ వరుసే ఫొటోను రెండుగా కోసే గీత. గట్టు మీంచి ఇది ఎంత వెతికినా దొరకదు. ఆ వరుసను సరిగ్గా మధ్యలో పెట్టకండి, ఖాళీ నీళ్లకు రెండొంతులు వదిలితే ఇంకా ఎంత పని మిగిలిందో కనిపిస్తుంది.

అడగకుండా తీయవద్దు. నేను అడిగితే ఒకామె, "మా మొహాలు పడతాయా బాబూ?" అంది. "నడుములే పడతాయమ్మా" అన్నాను. "అయితే తీసుకో, నొప్పెట్టేవి అవే" అని నవ్వింది.

మధ్యాహ్నం మాత్రం వద్దు. ఆగస్టు మొదట్లో అక్కడ సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, తిన్నగా కిందికి చూసే కెమెరాకు నీళ్లలో ఎండ మెరుపే దొరుకుతుంది. పొద్దున ఏడింటికైతే కొబ్బరినీడలు మడికి అడ్డంగా బారున పడి, చెట్టు ఎత్తెంతో అవే చెబుతాయి.

ఈ వారం పని: ఒకే గట్టు, ఒకే పొద్దు. కిందనుంచి ఐదు, పైనుంచి ఐదు ఫొటోలు. పైవాటిలో ఆకాశం కనబడకూడదు. డ్రోన్ లేనివాళ్లు ఊళ్లో ఎవరి డాబా అయినా ఎక్కండి. వచ్చే పాఠానికి మబ్బు పట్టిన రోజు తీసిన ఫొటో ఒకటి దగ్గర ఉంచుకోండి.