వాగ్గేయకారుల జీవితచరిత్రను తెలుసుకునే పద్ధతి

అన్నమయ్య, రామదాసు, త్యాగయ్యల గురించి మనకు తెలిసినదంతా ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్క వాక్యం పక్కన అది ఎక్కడ విన్నామో గుర్తు పెట్టుకుంటే, అందులో ఎక్కువ భాగం సినిమా నుంచో హరికథ నుంచో వచ్చిందని తేలుతుంది. ఆ కథలను కొట్టిపారేయవలసిన పని లేదు. జనం ఆ మహానుభావులను ఎలా గుర్తుంచుకున్నారో చెప్పే ఆధారాలు అవే. అయితే చరిత్ర తెలుసుకోదలచినవారు ఒక నోటు పుస్తకం తీసుకుని, వాగ్గేయకారుడి, అంటే పాటనూ దాని రాగాన్నీ తానే కట్టినవాడి, కాలంలోనే పుట్టిన ఆధారాలను, శిష్యులూ వంశీకులూ రాసిన మాటలను, తరవాతి తరాలు చెప్పుకున్న కథలను మూడు వేర్వేరు పుటల్లో రాసుకోవాలి. పదిమంది జోలికి ఒకేసారి పోకుండా ఒక్కరితో మొదలుపెట్టడం మేలు. తెలుగువారికి అన్నమయ్యతో ఆరంభించడమే అన్నిటికన్నా అనువైన దారి అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన విషయంలో మొదటి పుట నింపడానికి రాగిరేకులు ఉన్నాయి.

తాళ్లపాక కవుల సంకీర్తనలను రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దాచారు. అధ్యాత్మ సంకీర్తనల మొదటి రేకు మీద ఉన్న పీఠిక సారాంశం ఇది: శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులు అవతరించిన పదహారేండ్లకు తిరువేంగళనాథుడు ప్రత్యక్షం కాగా, అది మొదలు శకం 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన విన్నపం చేసిన సంకీర్తనలివి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది కనుక 1346 కాస్తా 1424 అవుతుంది; అందులోంచి పదహారు తీసివేస్తే ఆయన పుట్టిన సంవత్సరం 1408 అని తేలుతుంది. చివరి తేదీకి కూడా అలాగే 78 కలిపి నేను మొదట 1502 అని రాసుకుని, పుస్తకాల్లో 1503 అని ఎందుకుందో తెలియక చాలాసేపు తికమకపడ్డాను. ఫాల్గుణం మన సంవత్సరంలో చివరి నెల. ఉగాదినాడు 1502 నడుస్తున్నా ఫాల్గుణం వచ్చేసరికి 1503 ప్రవేశించి ఉంటుంది. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల తేదీలు కనిపించినప్పుడల్లా ఈ ఒక్క ఏడాది తేడాను సరిచూసుకోవాలి.

ఇదే లెక్కను సంవత్సరం పేరుతో మరొకసారి పరీక్షించవచ్చు. ప్రభవాది పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. 2024 ఉగాదితో మొదలైనది క్రోధి. అందులోంచి పది ఆవృత్తులు, అంటే 600 ఏళ్లు, వెనక్కి వెళితే సరిగ్గా 1424 దగ్గర ఆగుతాము. రాగిరేకూ, ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరూ ఒకే మాట చెప్పాయన్నమాట.

రెండో పుటకు అన్నమయ్య మనవడు చినతిరువేంగళనాథుడు, అంటే చిన్నన్న, ద్విపదలో రాసిన తాతగారి చరిత్ర ఉంది. తాత రచించిన సంకీర్తనలు ముప్పైరెండు వేలని ఆయన చెప్పగా, మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. ఇంటివాడు రాసిన చరిత్రలో దగ్గరితనమూ ఉంటుంది, భక్తీ ఉంటుంది. ఊళ్ల పేర్లు, బంధుత్వాలు, రాజుల ప్రస్తావనలు ఒక రంగు సిరాతోను, మహిమలు వేరొక రంగుతోను గీత గీసుకుంటూ చదవాలి. ముద్రను, అంటే పాటలో కవి తన గుర్తుగా వాడే పేరును, బట్టి కర్తను నిర్ణయించేటప్పుడు కూడా తొందర పనికిరాదు. అన్నమయ్య, కొడుకు పెదతిరుమలాచార్యులు, మనవడు చినతిరుమలాచార్యులు ముగ్గురూ వేంకటేశ ముద్రతోనే రాశారు కాబట్టి పాట ఎవరిదో రేకు చెప్పాలి తప్ప ముద్ర చెప్పదు.

శాసనం లేని చోట రాజుల కాలం పొలం గట్టులా పనికొస్తుంది. రామదాసును బంధించిన తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్‌షా, 1672లో గోల్కొండ సింహాసనం ఎక్కి 1687లో ఔరంగజేబు చేతికి చిక్కాడు. తానీషా కొలువులోనే అంతా జరిగిందని చెప్పే కథ ప్రకారం తహసీల్దారు ఉద్యోగం, భద్రాద్రి గుడి నిర్మాణం, పన్నెండేళ్ల చెర, విడుదల ఈ పదిహేనేళ్లలోనే ఇమడాలి. ఇమడ్చవచ్చు కానీ ఎంత ఇరుకో లెక్క వేసినవారికే తెలుస్తుంది. కబీరుదాసు స్వయంగా వచ్చి గోపన్నకు, అంటే రామదాసుకు, తారకమంత్రం ఉపదేశించాడన్న కథ మాత్రం గట్టు దాటిపోయింది. కబీరు పదిహేనో శతాబ్దపు మనిషి, గోపన్న పదిహేడో శతాబ్దపువాడు. దాన్ని మూడో పుటలో రాసుకోవాలి. అదే సమయంలో, త్యాగరాజు తన దేవగాంధారి రాగ కృతి ‘క్షీరసాగర శయన’లో ‘ధీరుడౌ రామదాసుని బంధము దీర్చినది విన్నానురా’ అంటాడు. అంటే గోల్కొండ చెర కథ ఆయన కాలానికే కావేరీ తీరం దాకా చేరిందనడానికి ఆ కృతే సాక్ష్యం. అందులో ‘విన్నానురా’ అన్న మాటను గమనించాలి. చూసినవాడు కాదు, విన్నవాడు చెబుతున్నాడు.

త్యాగరాజు దగ్గరికి వచ్చేసరికి పాటను అక్షరాలా చదవడం మరీ ముఖ్యం. తిరుపతిలో స్వామికి తెర వేసి ఉండగా ఆయన పాడితే తెర దానంతట అదే తొలగిందని గౌళిపంతు కృతి ‘తెర తీయగరాదా’కు ఒక కథ ప్రచారంలో ఉంది. పల్లవి చివరి మాట దాకా చదివితే అడిగినది ‘మచ్చరమను’ తెర తీయమని. మచ్చరం అంటే అసూయ. కొన్ని ప్రతుల్లో ‘నాలోని’ అనీ, కొన్నింటిలో ‘లోని’ అనీ పాఠభేదం కూడా ఉంది. ‘నాలోని’ అన్న పాఠంలో తెర గుడిలో కాక మనసులోనే ఉందని స్పష్టంగా తెలుస్తుంది. అలాగే సహాన రాగంలోని ‘గిరిపై నెలకొన్న’ కృతిలో ‘పది పూటలపై గాచెదనను’ అన్న మాటను ఆయన సిద్ధిపొందబోయే ముందు వచ్చిన అభయంగా చెప్పి, పది రోజులని లెక్క కడతారు. మన వాడుకలో పూట అంటే రోజులో సగమే. అందువల్ల కథ చెప్పే లెక్కనూ, పాటలోని మాటనూ ఎదురెదురుగా రాసుకుని ఊరుకోవడమే నిజాయితీ.

త్యాగరాజు శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆ భాగవతార్ కుమారుడు రాసిన జీవిత విశేషాలూ, కృతుల ప్రతులూ మదురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. త్యాగరాజు కాలపువాడే అయిన ముత్తుస్వామి దీక్షితుల విషయంలో తెలుగు పాఠకులకు ఒక అదృష్టం ఉంది. ఆయన తమ్ముడి దత్తపుత్రుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయింది. శార్ఙ్గదేవుడు మొదలు తన దాకా వచ్చిన సంగీతజ్ఞుల చరిత్రలను అందులో తెలుగులోనే రాశారు. చెన్నై సభల్లో ఇంగ్లీషు అనువాదం పట్టుకుని తిరిగేవారిని చూసినప్పుడు, మనం మూలాన్ని నేరుగా చదవగలిగీ చదవడం లేదే అనిపిస్తుంది.

చివరగా ఊరికి వెళ్లాలి. తంజావూరు దగ్గరి తిరువైయారులో, కావేరి ఒడ్డున, శిథిలమైన త్యాగరాజ సమాధిని 1920ల్లో వెతికించి, సొంత డబ్బుతో ఆలయం కట్టించినది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. వాగ్గేయకారుడు పోయిన తరవాత ఆయన పేరును ఎవరు నిలబెట్టారన్నది కూడా ఆ చరిత్రలో భాగమే కనుక ఆమెకు నోటు పుస్తకంలో వేరే పుట కేటాయించాలి. అక్కడ ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన ఉత్సవానికి వెళ్లదలచినవారు ఆయన వర్ధంతి 1847 జనవరి 6 కదా అని ఆ తేదీకి రైలు టికెట్టు కొనకూడదు. ఉత్సవం పుష్య బహుళ పంచమి తిథినాడు జరుగుతుంది, తేదీ ఏటా మారుతుంది. ముందు పంచాంగం చూసుకోవాలి.