చదివే ఇన్‌చార్జి, 4వ పాఠం: నిర్ణయం దగ్గర పుస్తకం మూయండి

పోయిన పాఠంలో చెప్పినట్టు రోజుకి 20 నిమిషాలు పుస్తకం చదవడం కుదురుతోందా? బీ షిఫ్టు (మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగే) వాళ్లకి రాత్రి ఇంటికెళ్లాక కళ్లు నిలవవు, మధ్యాహ్నం క్యారేజీ సర్దుకునే ముందే కానిచ్చేయండి. ఇంకా కుదరనివాళ్లు మరో వారం అక్కడే ఉన్నా నష్టం లేదు.

పదిమందిని నడిపే మనిషికి చదువు మాటకారితనం ఇస్తుందని చాలామంది అనుకుంటారు. మా లెక్కలో అది ఆఖరి లాభం. మనకింకా ఎదురుపడని చిక్కులో ముందే ఒక నిర్ణయం తీసుకుని చూసుకోవచ్చు, తప్పినా ఎవరికీ దెబ్బ తగలదు. అసలు లాభం అదీ. అయితే గబగబా చివరిదాకా చదివేస్తే అది దక్కదు. ఏం జరిగిందో తెలిశాక ఎంత కష్టమైన నిర్ణయమైనా తేలిగ్గానే కనిపిస్తుంది.

కాబట్టి ఈ వారం మధ్యలో ఆపడం నేర్చుకోండి. హుద్‌హుద్ తుపాను గురించి చదువుతున్నారనుకుందాం. 2014 అక్టోబర్ 12 మధ్యాహ్నం, గంటకు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఇక్కడ మూసేసి, మిమ్మల్ని అందులో పెట్టుకోండి. షెడ్డులో మీతో 12 మంది. ఫోన్లు పనిచేయట్లేదు. హోరు ఒక్కసారిగా ఆగింది. ఒకతను, ‘సార్, తగ్గిపోయింది కదా, గాజువాక వెళ్లి ఇల్లు చూసొస్తా’ అంటున్నాడు.

నోటుబుక్కు పేజీని నిలువుగా మడవండి. ఎడమవైపు మూడు సంగతులు రాయండి: ఏం చేస్తాను, ఏది చూసి చేస్తాను, ఏది తెలిస్తే మనసు మార్చుకుంటాను. 5 నిమిషాలు చాలు. ‘జాగ్రత్తగా వ్యవహరిస్తాను’ అని రాస్తే కొట్టేయండి, అది నిర్ణయం కాదు. ఎవరు, ఎక్కడికి, ఎన్నింటిదాకా అన్నది ఉండాలి.

మూడోది దాదాపు అందరూ ఖాళీగా వదిలేస్తారు. ఈ పేజీకి ప్రాణం అదే. గాలి మెల్లమెల్లగా తగ్గితే తుపాను దాటిపోతున్నట్టు. ఉన్నట్టుండి పడిపోతే తుపాను కన్ను నెత్తిమీద ఉన్నట్టు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ తేడా అడగడం తట్టిందా లేదా? ఇప్పుడు మిగతాది చదివి, జరిగింది కుడివైపు రాయండి. ఎడమవైపు రాసింది మాత్రం దిద్దకండి.

ఇక చదివినదాన్ని పొద్దుటి టూల్‌బాక్స్ మీటింగులో (పని మొదలుపెట్టే ముందు జట్టుతో పెట్టుకునే చిన్న భద్రతా సమావేశం) ఉపన్యాసం చేయకండి, రెండో రోజుకే జనం వాచీలు చూసుకుంటారు. ప్రశ్న ఒక్కటే వేయండి, 4 నిమిషాల్లో ముగించండి. ముందు కొత్త కుర్రాడు చెప్పాలి, ఆఖరున మీరు. మీరే మొదలుపెడితే మిగతా అందరూ ‘అంతే సార్’ అంటారు.

వచ్చే పాఠానికి ఇలాంటి పేజీలు 3 కావాలి. విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లే వీలుంటే, ఒకే సంఘటన మీద ఇద్దరు వేర్వేరుగా రాసినవి ఏవైనా ఎంచి పెట్టుకోండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.