ఫ్యాట్ శాతం చూపే కాటా రోజుకో లెక్క చెబుతోందా?

ఇంట్లో బాడీ ఫ్యాట్ చూపే కాటా ఉంటే, పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినక, తాగక ముందే ఎక్కండి. ఆ మిషన్ కొవ్వును నేరుగా కొలవదు. పాదాల గుండా చిన్న కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారిందో చూసి లెక్కగడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే కరెంటుకు అడ్డు పెరిగి, లేని కొవ్వు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే జిమ్ నుంచి చెమటతో రాగానే ఎక్కొద్దు. పాదాలు శుభ్రంగా, పొడిగా ఉండాలి, సాక్సులు వద్దు. కాటా గచ్చు మీదే పెట్టండి, చాప మీద కాదు. ఒక్కరోజు అంకెకు టెన్షన్ పడకండి, వారం సగటు చూడండి. జిమ్‌లోని మిషన్‌తో పోల్చకండి, దాని లెక్క వేరు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం దీన్ని అసలు ఎక్కకూడదు, ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి.