ఆవకాయతో సింగపూర్ వెళ్లాలంటే

మొదటిసారి సింగపూర్ వెళ్లినప్పుడు నా సూట్‌కేసులో ఆవకాయ ఒలికిపోయింది. చిన్నప్పటి స్నేహితురాలి కోసం ఏరికోరి కొన్న పొందూరు చీర నూనెలో మునిగింది. "ఇది చీరా, ఊరబెట్టిన మాగాయా?" అని అది పడీపడీ నవ్వింది. రెండోసారి చుక్క కారలేదు. ఈ మధ్యలో నేర్చుకున్నవి మీకు చెబుతాను.

ముందు కాగితాలు. మన పాస్‌పోర్టుకి అక్కడ దిగాక వీసా ఇవ్వరు, ఇక్కడే తీసుకోవాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది టికెట్ మీద పేరు దగ్గర. మనకేమో ఇంటిపేరు ముందు చెప్పడం అలవాటు, బుకింగ్‌లో అది చివర వస్తుంది. పైగా ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. మా మరిది ఆధార్ చూసి నా టికెట్ కొన్నాడు. అది దిద్దించడానికి డబ్బు పోయింది, రెండు రాత్రులు నిద్రా పోయింది. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి.

సింగపూర్‌లో దిగకముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల, మన ప్రయాణ వివరాలిచ్చే ఎస్‌జీ అరైవల్ కార్డు అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. పైసా కట్టక్కర్లేదు, డబ్బు అడిగిన సైటుని వదిలేయండి. ఎక్కడ ఉంటారో రాయాలి కాబట్టి స్నేహితుల చిరునామా పిన్‌కోడ్‌తో సహా ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ఇక ఆవకాయ. చేతిసంచిలో పచ్చడి పట్టుకెళ్తే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, లగేజీలోనే వేయాలి. విమానం పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. డబ్బాలో చిక్కుకున్న గాలి ఉబ్బి, నూనెని మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. నా చీర కొంప ముంచింది అదే. అందుకని గాజు సీసా వద్దు, మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. పైకి తేలిన నూనె గరిటెతో తీసేయండి. ఆవకాయ మీద నూనె తేలాల్సిందే అని అత్తగారు గోల పెడతారు. నాలుగు గంటల ప్రయాణానికి ఏ బూజూ పట్టదు, అక్కడికెళ్లాక నువ్వుల నూనె పోసుకుంటారు. డబ్బా మూతి మీద పాలిథిన్ కాగితం పరిచి మూత బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో గాలి నొక్కేసి పెట్టాలి. ఆపైన పాత నైటీలో చుట్టి సూట్‌కేసు నడిమధ్య పెట్టండి. ఇంత ఓపిక లేకపోతే పచ్చళ్ల షాపువాళ్లు వాక్యూమ్ ప్యాకింగ్ చేసిస్తారు. నాకు మాత్రం కొన్న పచ్చడి తీసుకెళ్లడానికి మనసొప్పదు.

కోడి, వేట మాంసం పచ్చళ్లు సింగపూర్‌లోకి రానివ్వరు. గసగసాలు కూడా నిషేధమే, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో అవి పడ్డాయేమో గుర్తు చేసుకోండి. ఎండుకొబ్బరికి మంటంటుకునే గుణం ఉందని మన దగ్గరే లగేజీలోంచి తీయిస్తారు. పవర్ బ్యాంకు మాత్రం లగేజీలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మాడుగుల హల్వాకి నాకెప్పుడూ ఏ అడ్డూ రాలేదు.

బరువు ఇంట్లోనే తూచండి. మొదటిసారి కౌంటర్ దగ్గర మూడు కిలోలు ఎక్కువ తేలింది. అందరి ముందూ సూట్‌కేసు తెరిచి అరకు కాఫీ పొట్లాలు, చలిమిడి డబ్బా బయటికి తీశాను. నా వెనకాల కుర్రాడు "ఆంటీ, చలిమిడి నాకిచ్చేయండి" అన్నాడు. ఇచ్చేశాను కూడా.

ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందు చేరాలి. నేను రెండుసార్లూ వెళ్లింది వైజాగ్‌లో ఎన్ఏడీ జంక్షన్ దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచే. ఆ రన్‌వే నేవీ వాళ్లది, ఐఎన్ఎస్ డేగా అనే వాళ్ల విమాన స్థావరంలోది. అక్కడ ఫోన్ పైకెత్తి ఫొటోలు తీయకండి.

దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. ఆ సమయంలో నిద్రపోకూడదు, గుటకలు వేస్తూ ఉండాలి. అందరూ చూయింగ్ గమ్ నమలమంటారు గానీ అది సింగపూర్‌లోకి తీసుకెళ్లకూడదు. నేను అనకాపల్లి బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటాను, చక్కగా పనిచేస్తుంది. జలుబు చేసి ఉంటే మాత్రం ముందే డాక్టరుని అడగండి. మొదటిసారి ముక్కు దిబ్బడతో ఎక్కి, రెండు రోజులు స్నేహితురాలు చెప్పింది సగమే వినిపించి, అన్నిటికీ తలూపాను.

అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి విమానం ఎక్కితే కాస్త కునుకు పట్టేలోపే తెల్లారిపోతుంది. మొదటి రోజు ఎక్కడికీ తిప్పొద్దని వాళ్లకి ముందే చెప్పేయండి.

తిరిగొచ్చేటప్పుడు పచ్చడి డబ్బా వదిలిపెట్టకండి. నా స్నేహితురాలు దాన్ని మూడుసార్లు సబ్బుతో తోమి, పాండాన్ అనే ఆకు వేసి చేసే కేకు పెట్టి ఇచ్చింది. వైజాగ్ వచ్చి మూత తీస్తే కేకు ఆకుపచ్చగా మెరిసిపోతోంది, వాసన మాత్రం ఆవకాయది.