ఆకు లేకుండా పూసే దుంపలు – 3వ పాఠం: తవ్వడం, విడదీయడం, పంచుకోవడం

మీ దగ్గరున్న ప్రతి దుంప మొక్కకూ ఆకు ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు పండిపోయింది, పూకాడ ఎప్పుడు లేచింది అని మూడు తేదీలు రాసి పెట్టుకోమని కిందటి పాఠంలో చెప్పాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి. తేదీలు రాయనివాళ్లు ఈ ఏడాదికి చదవడంతో ఆగండి, పార పట్టుకోకండి. ఈ మొక్కల్ని తవ్వడానికి క్యాలెండర్‌లో నెల చూస్తే సరిపోదు, ఆకు చూడాలి.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. లైకోరిస్ రేడియేటా అంటే ఎర్ర స్పైడర్ లిల్లీ. లైకోరిస్ స్క్వామిజెరా గులాబీ రంగుది. రెండూ వేసవి చివర్లో కాస్త అటూ ఇటూగా, ఆకు లేని ఒట్టి కాడ మీదే పూస్తాయి. పూత సమయంలో చూస్తే రెండిటి అవసరాలూ ఒకటే అనిపిస్తుంది, కానీ కాదు. ఎర్రదానికి పూత అయిపోయాక ఆకు లేస్తుంది, చలికాలమంతా పచ్చగా ఉండి వసంతం చివరికి ఎండిపోతుంది. గులాబీదానికి ఆకు వసంతంలో వచ్చి, వేసవి మొదట్లోనే మాయమవుతుంది. అందుకే మొదటిది గడ్డకట్టే చలిలో ఆకు పోగొట్టుకుని నీరసిస్తుంది, రెండోది చలి సరిగా లేనిచోట పూయదు. వెచ్చని ప్రాంతంలో ఉన్నవాళ్లు స్క్వామిజెరా అడిగితే ఆ సంగతి ముందే చెప్పి, బదులుగా రేడియేటా ఇవ్వండి. దుంప ఇస్తే దాంతోపాటు దాని కాలం కూడా చెప్పాలి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఇదే.

ఎక్కువగా కనిపించే ఎర్ర లైకోరిస్ రకం ట్రిప్లాయిడ్. మామూలు రెండు సెట్ల బదులు మూడు సెట్ల క్రోమోజోములు, మొత్తం 33 ఉంటాయి. కాబట్టి గింజ కట్టదు. జపాన్‌లో వరిమడి గట్ల పొడవునా ఎర్రగా పూసేది ఈ గింజ కట్టని రకమే. అంటే అక్కడున్న ప్రతి గుంపు వెనకా ఎవరో ఒకరు తవ్వి, విడదీసి, నాటిన దుంప ఉంది. టెక్సాస్‌లో పాత ఇళ్ల ముందు ముదురు ఎర్రగా పూసే ఆక్స్‌బ్లడ్ లిల్లీ కథ కూడా ఇలాంటిదే. పీటర్ హెన్రీ ఓబర్‌వెటర్ అనే జర్మన్ వలసదారు 19వ శతాబ్దంలో దక్షిణ అమెరికా నుంచి తెప్పించినవాటి నుంచే అవి అక్కడ వ్యాపించాయని చెబుతారు. ఇలాంటి మొక్కల్ని పంచుకోవడం సరదా కోసం మాత్రమే కాదు. మీ తోటలో కుళ్లు వచ్చి అన్నీ పోయిన ఏడాది, మీరు ఇచ్చిన దుంప ఇంకొకరి దగ్గర బతికి ఉంటుంది.

ఇక తవ్వకం. ఆకు పూర్తిగా పసుపు తిరిగి, లాగితే తేలిగ్గా ఊడొచ్చే దశకు రావాలి. అప్పటి నుంచి పూకాడ లేచేదాకా ఉన్న విరామమే మీ సమయం. పచ్చి ఆకు ఉండగా తవ్వితే వచ్చే ఏడాదికి దాచుకోవాల్సిన ఆహారం దుంపలోకి చేరదు. ఆకు పోయాక ఆ చోటు ఖాళీ నేలలా ఉంటుంది కాబట్టి, ఆకు ఉన్నప్పుడే గుంపు నాలుగు వైపులా పుల్లలు గుచ్చిపెట్టుకోండి. ఒకవేళ ఆ విరామం దాటిపోతే పూత వాడిన వెంటనే, కొత్త ఆకు లేవకముందే తవ్వవచ్చు.

గుంపుకి జానెడు దూరంలో ఫోర్క్ దింపి, చుట్టూ వదులు చేసి, మొత్తాన్ని ఒకేసారి పైకి లేపండి. పైపైన గీకితే దుంపలు కోసుకుపోతాయి. ఇవన్నీ ఉన్న అమరిల్లిస్ కుటుంబం మొక్కలకు ముడుచుకునే వేళ్లు ఉంటాయి. ఏటా కాస్త కాస్తగా అవి దుంపను కిందికి లాగుతాయి. కాబట్టి పాత గుంపులు మీరు నాటిన లోతులో ఉండవు. ఆక్స్‌బ్లడ్ లిల్లీ అయితే మరీ లోతుకు పోతుంది, ఓపిగ్గా తవ్వాలి.

వేళ్ల గురించి గట్టిగా చెప్పాలి. ఉల్లిపాయలా వేళ్లు నున్నగా కత్తిరించిన దుంప చూడటానికి బాగుంటుంది, ఫొటోలో ఇంకా బాగుంటుంది. కానీ లైకోరిస్, బెల్లడోనా లిల్లీ, నెరీన్, క్రైనమ్ వంటివాటికి ఈ కండగల వేళ్లు ఏటా రాలిపోయేవి కావు, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వాటిని కోసేస్తే మొక్క ముందు వేళ్లు వేసుకుంటుంది, ఆ తర్వాతే పూలు. చోటు మారిన దుంప ఒకటి రెండేళ్లు పూయకపోవడం మామూలే, వేళ్లు పోతే ఆ ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి. లేకపోతే తీసుకున్నవాళ్లు మొదటి ఏడాది పువ్వు రాలేదని టెన్షన్ పడి మళ్లీ తవ్వి చూస్తారు, దాంతో ఇంకో ఏడాది పోతుంది.

మట్టి దులిపి, చేత్తో కదిపితే విడిపోయే పిల్లదుంపల్నే విడదీయండి. గట్టిగా అతుక్కున్నవి ఇంకో రెండేళ్లు తల్లితోనే ఉండాలి. తప్పనిసరిగా కోయాల్సి వస్తే స్పిరిట్‌తో తుడిచిన బ్లేడు వాడండి. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి వెళ్లే ప్రతిసారీ మళ్లీ తుడవండి, వైరస్ చెట్టు రసంతో కూడా పాకుతుంది. కోసిన చోటు రెండు మూడు రోజులు నీడలో ఆరాలి.

ఇప్పుడు ప్రతి దుంపనూ చేతిలోకి తీసుకుని అడుగుభాగాన్ని బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగబడితే అది కుళ్లు, తీసి పారేయండి, కంపోస్టులో కూడా వేయవద్దు. మెడ మెత్తబడి, అడుగున చిన్న రంధ్రం ఉంటే లోపల దుంపతొలిచే ఈగ పురుగు ఉండవచ్చు. ఊడొచ్చే ఎండు పొరను మెడ దగ్గర కాస్త తొలగించి చూడండి, పిండినల్లి అక్కడే తెల్లగా దాక్కుంటుంది. పొరల మీద ఎర్రటి చారలు, మచ్చలు ఉంటే స్టాగనోస్పోరా అనే బూజు తెగులు అనుమానించాలి. ఇవన్నీ ఎండు దుంపలో కనిపిస్తాయి. వైరస్ మాత్రం కనిపించదు. దాని గుర్తు ఆకు మీద పసుపు, లేతాకుపచ్చ చారలు. అందుకే ఇవ్వబోయే గుంపుని ఆకు కాలంలోనే ఎంచుకోవాలి. చారలున్న మొక్కకు మందు లేదు. పేరున్న అరుదైన రకమైనా సరే, దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

మార్పిడి లెక్కకు వద్దాం. వ్యాపారంలో దుంప సైజు చెప్పేటప్పుడు చుట్టుకొలతే చెబుతారు, తోటవాళ్లు చాలాసార్లు అడ్డుకొలత చెబుతారు. పది సెంటీమీటర్ల చుట్టుకొలత అంటే అడ్డంగా మూడు సెంటీమీటర్ల పైచిలుకే. ఏది కొలిచారో ముందు అడిగితే గొడవలు రావు. దారం చుట్టి కొలవడం తేలిక. దుంపకి దుంప అన్న లెక్క నాకు సరైనదిగా అనిపించదు. వాన పడ్డాక పూసే రెయిన్ లిల్లీ పిల్లదుంప చాలా త్వరగా పూతకొస్తుంది, బెల్లడోనా పిల్లకు చాలా ఏళ్లు కావాలి. ఏది నిదానంగా పెరుగుతుందో దానికే ఎక్కువ విలువ ఇవ్వండి. పూతకొచ్చే సైజు ఒకటి తీసుకుంటే పిల్లలు నాలుగైదు ఇవ్వడం నా దృష్టిలో న్యాయం.

ప్రతి రకానికీ విడి కాగితం సంచి, లోపల ఒక చీటీ. పెన్సిల్‌తో రాయండి, ఇంకు తడికి చెరిగిపోతుంది. పేరు, ఆకు వచ్చే కాలం, మీ తోటలో ఉన్న లోతు, తవ్విన తేదీ రాస్తే చాలు. పేరు తెలియకపోతే ‘పేరు తెలియదు’ అని రాసి పువ్వు రంగు, ఎత్తు చెప్పండి. ఊహించి రాసిన పేరు పది తోటలు తిరిగితే నిజమైపోతుంది. శాస్త్రీయ నామాలు మారాయి కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ రాస్తే మంచిది. హాబ్రాంథస్‌ను ఇప్పుడు జెఫిరాంథెస్‌లో కలిపారు, మనం లిల్లీ దుంప అనే ట్యూబరోజ్‌ని పోలియాంథెస్ నుంచి అగేవ్‌లోకి మార్చారు. చీటీ మీద ‘తినకూడదు’ అన్న మాట కూడా ఉండాలి. ఈ అమరిల్లిస్ కుటుంబపు పూల దుంపల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే వాంతులవుతాయి. చూడటానికి ఉల్లిపాయలా ఉండే వస్తువుని వంటింట్లో ఆరబెట్టవద్దు. పిల్లలకీ కుక్కలకీ అందకుండా ఉంచండి.

పెద్ద దుంపల్ని నీడలో ఆరనిచ్చి, పొడి కొబ్బరి పీచులో సర్దండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. రెయిన్ లిల్లీలు చిన్నవి, త్వరగా వడిలిపోతాయి, వాటికి మాత్రం పీచు కాస్త చెమ్మగా ఉండాలి. దేశం దాటించే ఆలోచన ఉంటే మట్టి కణం ఉండకూడదు, చాలా దేశాలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతాయి. స్టెర్న్‌బర్జియా, సైక్లమెన్ మొత్తం జాతులు సైట్స్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి వాటికి ప్రత్యేక అనుమతులు అవసరం కావచ్చు. అడవిలో తవ్విన దుంప ఎవరైనా ఇస్తానంటే వద్దనండి. అడవి నుంచి తవ్వేసినందుకే ఇలాంటి దుంపలు కొన్ని నేడు ప్రమాదంలో ఉన్నాయి.

వచ్చిన దుంపని నేరుగా పాతవాటి పక్కన నాటకండి. ఒక ఆకు కాలం పూర్తయ్యేదాకా విడి కుండీలో ఉంచి, ఆకు శుభ్రంగా ఉందని చూశాకే మార్చండి. లోతు రకాన్ని బట్టి ఉంటుంది. బెల్లడోనా మెడ మట్టి పైకి కనిపించాలి, లైకోరిస్ మెడ మట్టి అంచుకి వస్తే చాలు, రెయిన్ లిల్లీకి రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు, ఆక్స్‌బ్లడ్ లిల్లీకి పది సెంటీమీటర్లకి తగ్గకుండా. మట్టి కుదురుకోవడానికి ఒకసారి నీళ్లు పోసి, నిద్రలో ఉన్న లైకోరిస్, బెల్లడోనాలను మొలక కనిపించేదాకా దాదాపు వదిలేయండి. భూమధ్యరేఖకు అవతలి నుంచి వచ్చిన దుంప కొత్త రుతువులకి అలవాటు పడటానికి ఏడాదికి పైగా తీసుకోవచ్చు.

వచ్చే పాఠానికి పని: ఒకే ఒక గుంపుని ఎంచుకుని పుల్లలు గుచ్చండి, దాని చీటీ ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీ రెయిన్ లిల్లీలు పూస్తుంటే కాయలు కోయకుండా వదలండి. అవి పగిలి, లోపల నల్లటి కాగితంలాంటి గింజలు కనిపించగానే కోసుకుని తాజాగా ఉంచండి, వాటిని నీళ్ల మీద తేలించి మొలకెత్తించడం 4వ పాఠం.