ఊరి చట్టం చదవడం నేర్చుకుందాం – పాఠం 4: గంజాయి తినుబండారాల మీద నగరం మాట ఎంతవరకు చెల్లుతుంది?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక టౌన్ బోర్డు 2022లో కూర్చుని "మా ఊళ్లో గంజాయి దుకాణాలు వద్దు" అని మొదటిసారి చట్టం చేస్తే చెల్లుతుందా?

చెల్లదు. న్యూయార్క్ 2021 మార్చి 31న పెద్దల వాడకానికి గంజాయిని చట్టబద్ధం చేస్తూ నగరాలకు, టౌన్లకు, విలేజ్‌లకు గడువు పెట్టింది. వద్దనుకునేవాళ్లు 2021 డిసెంబర్ 31 లోపు చెప్పాలి. ఆ తర్వాత వద్దనడానికి వీల్లేదు. ముందు వద్దన్న ఊరు మాత్రం ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు. కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) అసలు ఈ అధికారమే లేదు. ఇంకో మెలిక: అమ్మే దుకాణం వేరు, అక్కడే కూర్చుని వాడుకునే లాంజ్ వేరు. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని రానిచ్చే వెసులుబాటు ఊరికి ఉంది. "చెల్లుతుంది, బోర్డుకు అధికారం ఉంది కదా" అని జవాబు రాసుకున్నవాళ్లు రెండో పాఠం మళ్లీ ఒకసారి తిరగేయండి. ఊరి అధికారం ఊరిది కాదు, రాష్ట్రం ఇచ్చినది. ఇచ్చేటప్పుడే దానికి తేదీలు, షరతులు తగిలించి ఇస్తుంది.

ఆ షరతులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. కొలరాడోలో 2012 నాటి రాష్ట్ర రాజ్యాంగ 64వ సవరణ ప్రకారం స్థానిక ప్రభుత్వం ఊరి చట్టంతో, అంటే ఆర్డినెన్స్‌తోనో ఓటింగ్‌తోనో దుకాణాలను నిషేధించవచ్చు. ఒరెగాన్‌లో గంజాయిని చట్టబద్ధం చేయాలా అని 2014లో జనం ఓటుకు పెట్టిన మెజర్ 91కు 55 శాతం, అంతకన్నా ఎక్కువ మంది వ్యతిరేకంగా ఓటేసిన కౌంటీల్లో పాలకమండలే కొంత గడువు వరకు నిషేధం పెట్టగలిగింది. మిగతాచోట్ల జనం ఓటు తప్పనిసరి. మసాచుసెట్స్ కూడా ఇలాంటి ప్రశ్న మీదే జరిగిన 2016 ఓటింగ్‌లో ఊరు ఎటు మొగ్గిందో చూసి దారి వేరు చేసింది. అందుకే ఏ ఊరి ఆర్డినెన్స్ చేతికొచ్చినా మొదటి పేజీలో "ఏ రాష్ట్ర చట్టం కింద" అన్న వాక్యం వెతకండి. ఆ వాక్యం పట్టుకుని రాష్ట్ర చట్టంలోకి వెళ్లి రాకుండా మిగతాది చదివితే సగం తప్పులే వస్తాయి.

ఇక ఇవాళ్టి విషయానికొద్దాం. దుకాణంలో అమ్మే అన్నింటిలో తినుబండారాలకే విడిగా ఇన్ని నిబంధనలు ఎందుకు?

పొగ తాగితే మత్తు నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. ఏమీ కాలేదనుకుని ఇంకో ముక్క తినేస్తారు. 2014 మార్చిలో డెన్వర్‌లో జరిగింది ఇదే. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన 19 ఏళ్ల విద్యార్థి 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉన్న కుకీ తిన్నాడు. దాన్ని ఆరు భాగాలు చేసి ఒక్కటే తినాలని దుకాణంలో చెప్పారు. అతను ఒక ముక్క తిని, అరగంట నుంచి గంట దాకా చూసి, మిగతాదంతా తినేశాడు. తర్వాత హోటల్ బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. మరుసటి ఏడాది ఫెడరల్ (కేంద్ర) ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ కేసును తన నివేదికలో ప్రచురించింది.

అప్పటికే కొలరాడోలో ఒక మోతాదు 10 మిల్లీగ్రాములు, ఒక ప్యాకెట్ 100 మిల్లీగ్రాములు అనే హద్దు ఉంది. అంటే చట్టం ఉంది, లెక్క కూడా సరిగానే ఉంది. తినే మనిషికి ఆ లెక్క కుకీ మీద కనపడకపోవడమే సమస్య. ఆ తర్వాత రాష్ట్రం వరసగా బిగించింది. 2016 అక్టోబర్ నుంచి ఉత్పత్తి మీదే టీహెచ్‌సీ గుర్తు ఉండాలంది. 2017 అక్టోబర్ నుంచి మనిషి, జంతువు, పండు ఆకారాలను నిషేధించింది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ కూడా 10, 100 అంకెలనే తీసుకున్నాయి. మసాచుసెట్స్‌లో ప్యాకెట్‌కు 100 మిల్లీగ్రాములే అయినా మోతాదు 5 మాత్రమే.

ఇక్కడ గమనించాల్సింది, వీటిలో ఏదీ నగరం పెట్టింది కాదు. గమ్మీలో (జెల్లీ మిఠాయిలో) ఎన్ని మిల్లీగ్రాములుండాలన్నది రాష్ట్రం లెక్క. ఆ గమ్మీ ఏ వీధిలో, ఎన్నింటి వరకు అమ్ముడవ్వాలన్నది నగరం లెక్క. సిటీ కౌన్సిల్ మీటింగులకు వెళ్లి "మీరు గమ్మీల్లో డోస్ తగ్గించండి" అని తమకిచ్చిన మూడు నిమిషాలూ మాట్లాడి వచ్చేవాళ్లను చూస్తే పాపం అనిపిస్తుంది. సరైన మాటే, కానీ చాలాసార్లు తప్పు గుమ్మం దగ్గర మాట్లాడుతుంటారు.

ఇప్పుడు చేతికి పని. ఇది అభ్యాసం కోసం నేను రాసిన క్లాజు, ఏ నిజమైన ఊరిదీ కాదు:

"గంజాయి దుకాణం ఉన్న స్థలం సరిహద్దుకూ, పాఠశాల స్థలం సరిహద్దుకూ మధ్య సరళరేఖలో కనీసం 1,000 అడుగుల దూరం ఉండవలెను. దుకాణమును ఉదయం 9 గంటల నుండి రాత్రి 9 గంటల వరకు మాత్రమే తెరచి ఉంచవలెను. జంతువు లేదా పండు ఆకారములో ఉన్న తినుబండారములను విక్రయించరాదు. ఉల్లంఘించిన యెడల స్థానిక లైసెన్సు తాత్కాలికముగా నిలిపివేయబడును."

మొదటి వాక్యంలో 1,000 అనే అంకె కన్నా, కొలిచే పద్ధతి ముఖ్యం. సరిహద్దు నుంచి సరిహద్దుకు కొలవడం వేరు, తలుపు నుంచి తలుపుకు కొలవడం వేరు. సరళరేఖ వేరు, నడిచే దారి వేరు. బడికి పెద్ద ఆటస్థలం ఉంటే సరిహద్దు లెక్కలో దుకాణం చాలా దూరం జరగాల్సి వస్తుంది. తలుపు లెక్కలో అదే దుకాణం ఆటస్థలం కంచె పక్కనే ఉండొచ్చు. కాలిఫోర్నియాలో రాష్ట్రం పెట్టిన దూరం 600 అడుగులు, అయితే స్థానిక ప్రభుత్వం వేరే దూరం పెట్టుకోవచ్చు. వాషింగ్టన్‌లో 1,000 అడుగులు. బళ్లు, ఆటస్థలాలు తప్ప పార్కులు, లైబ్రరీల లాంటి వాటి విషయంలో దాన్ని 100 అడుగుల దాకా తగ్గించుకోవచ్చని 2015లో స్థానిక ప్రభుత్వాలకు వీలిచ్చారు. ఒక పెన్సిల్, ఊరి జోనింగ్ మ్యాప్ (ఏ చోట ఏం పెట్టొచ్చో చూపే పటం) తీసుకుని ప్రతి బడి చుట్టూ గీత గీసి చూడండి. కొన్ని ఊళ్లలో గీతలన్నీ కలిసిపోయి దుకాణానికి చోటే మిగలదు. పైకి అనుమతి, లోపల నిషేధం.

రెండో వాక్యం తేలిక. వేళలు చాలాచోట్ల నగరం చేతిలోనివే. డెన్వర్ చాలాకాలం రాత్రి 7కే మూయించి, 2017లో 10 దాకా పెంచింది. కొలరాడో రాష్ట్ర నిబంధన అర్ధరాత్రి దాకా ఒప్పుకుంటుంది.

మూడో వాక్యం దగ్గర ఆగండి. ఇది ఉత్పత్తి గురించి. నగరం దీని జోలికి పోవచ్చా? కాలిఫోర్నియాలో స్థానిక ప్రభుత్వానికి నియంత్రించే, పూర్తిగా నిషేధించే అధికారం విస్తృతంగా ఉంది, కాబట్టి ఇబ్బంది తక్కువ. న్యూయార్క్‌లో ఊరికి వేళ, చోటు, నడిపే తీరు వరకే చెయ్యి ఆడుతుంది. అది కూడా దుకాణం నడపడం దాదాపు అసాధ్యమయ్యేలా ఉండకూడదు. అక్కడ ఇదే వాక్యం కోర్టులో నిలబడటం కష్టం. ఒకే వాక్యం, రెండు రాష్ట్రాలు, రెండు ఫలితాలు.

మరి రాష్ట్రమే ఆకారాలను నిషేధించిన చోట నగరం మళ్లీ అదే ఎందుకు రాసుకుంటుంది? నాలుగో వాక్యం చూడండి. రాష్ట్ర నిబంధన తప్పితే రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ రావాలి. స్థానిక నిబంధనగా కూడా రాసుకుంటే నగరమే తన లైసెన్సును ఆపగలదు. చూడ్డానికి చర్వితచర్వణంలా ఉన్నా, అమలు దగ్గరికొస్తే అసలు బలం అక్కడే.

ఈ తినుబండారాలు తయారయ్యే వంటగది సంగతి క్లుప్తంగా. గంజాయి ఫెడరల్ చట్టంలో నిషిద్ధమే కాబట్టి మామూలు బిస్కెట్ల మీద ఉండే ఫెడరల్ తనిఖీ దీనికి ఆ రూపంలో ఉండదు. ఆ ఖాళీని రాష్ట్రాలు, స్థానిక ఆరోగ్య శాఖలు పూరిస్తాయి. 2015లో పురుగుమందుల అవశేషాల వల్ల డెన్వర్ ఆరోగ్య శాఖ చాలా ఉత్పత్తులను వెనక్కి రప్పించింది, వాటిలో తినుబండారాలూ ఉన్నాయి. పన్నుల సంగతి ఆరో పాఠంలో. ప్రస్తుతానికి న్యూజెర్సీ ఊళ్లు 2 శాతం వరకు, ఒరెగాన్, మసాచుసెట్స్ ఊళ్లు 3 శాతం వరకు వేసుకోవచ్చని గుర్తుంచుకుంటే చాలు.

చివరగా, ఎక్కువమంది పప్పులో కాలేసేది హెంప్ దగ్గర, అంటే టీహెచ్‌సీ బాగా తక్కువుండే గంజాయి జాతి మొక్క దగ్గర. దుకాణాలను పూర్తిగా నిషేధించిన ఊళ్లో కూడా పెట్రోల్ బంకు కౌంటర్ మీద టీహెచ్‌సీ గమ్మీలు కనిపించవచ్చు. 2018 ఫార్మ్ బిల్లు (ఫెడరల్ వ్యవసాయ చట్టం) ఎండు బరువులో 0.3 శాతం డెల్టా-9 టీహెచ్‌సీ దాటని మొక్కను హెంప్ అంది. తయారీదారులు ఆ శాతాన్ని తిండి బరువుకు వర్తింపజేశారు. లెక్క వేయండి: 4 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. 50 గ్రాముల బ్రౌనీలో 150. లైసెన్స్ ఉన్న దుకాణం అమ్మగలిగిన ప్యాకెట్ కన్నా ఇదే ఎక్కువ!

మిన్నెసోటా 2022 జులై 1 నుంచి హెంప్ తినుబండారాలను 5 మిల్లీగ్రాముల మోతాదు, 50 మిల్లీగ్రాముల ప్యాకెట్ హద్దులతో అనుమతించింది. కానీ అమ్మేవాళ్లకు లైసెన్స్ విధానం పెట్టలేదు. దాంతో నగరాలు హడావిడిగా తాత్కాలిక నిషేధాలు తెచ్చుకున్నాయి. 2025 నవంబర్ 12న సంతకమైన ఫెడరల్ చట్టం ఈ కంతను పూడ్చింది. ఒక ప్యాకెట్‌లో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు దాటకూడదని, అది ఏడాది తర్వాత అమల్లోకి వస్తుందని అందులో ఉంది. మీ ఊరి కోడ్‌లో (ఊరి చట్టాల సంపుటిలో) "గంజాయి" నిర్వచనం తీసి చూడండి. "హెంప్ మినహా" అని ఉంటే, దుకాణాల అధ్యాయం ఎంత కఠినంగా ఉన్నా ఆ గమ్మీని అది తాకదు.

ఈ వారం పని: మీకు తెలిసిన ఏదైనా అమెరికా నగరం మునిసిపల్ కోడ్ తెరిచి, తినుబండారాల ప్రస్తావన ఉన్న మూడు వాక్యాలు ఎత్తి రాయండి. ఒక్కోదాని పక్కన అది ఉత్పత్తి గురించా, చోటు గురించా, అమలు గురించా అని గుర్తు పెట్టండి. తర్వాత ఈ లెక్క: 0.3 శాతం టీహెచ్‌సీ ఉన్న 30 గ్రాముల హెంప్ చాక్లెట్ బార్‌లో ఎన్ని మిల్లీగ్రాములు? అది మిన్నెసోటా 2022 ప్యాకెట్ హద్దులో ఇముడుతుందా? జవాబు వచ్చే పాఠం మొదట్లో. ఆ పాఠంలో డెలివరీ చూద్దాం. దుకాణాలు వద్దన్న కాలిఫోర్నియా నగరాలు కూడా 2024 జనవరి 1 నుంచి మెడికల్ గంజాయి డెలివరీని ఎందుకు ఆపలేకపోతున్నాయో అక్కడ తెలుస్తుంది.