బాటిక్ బయటి దేశాలకి పంపుతుంటే వచ్చే గొడవలు: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

బాటిక్ అంటే బట్ట మీద మైనంతో గీతలు వేసి, మైనం ఉన్నచోట రంగు పట్టకుండా అద్దే పని. ఇలా చేత్తో మైనం పెట్టి వేసిన బాటిక్ బట్టని విదేశీ బయ్యర్లకి అమ్మాలనుకునే వాళ్ళు ముందు డిజైన్ మార్చేద్దాం, కొత్త రంగులు తెద్దాం అనే ఆలోచిస్తారు. కానీ నేను చూసినంత వరకు సరుకు వెనక్కి వచ్చేది డిజైన్ వల్ల చాలా తక్కువ, ఎక్కువగా ఉతుకు దగ్గర, తూకం దగ్గర, లేబుల్ దగ్గర దెబ్బ తింటాం. ఇంకోటి, తప్పు బయటపడే చోటు వేరు, జరిగే చోటు వేరు, దాదాపు ప్రతిసారీ ఒకట్రెండు స్టెప్పులు ముందే జరిగిపోయి ఉంటుంది. అందుకే కింద ఒక్కో సమస్యకీ వెనక్కి వెళ్ళి చూశాను.

సమస్య: మొదటి ఉతుకులోనే రంగు దిగుతోంది, తెల్ల భాగాలు కూడా రంగు పట్టేస్తున్నాయి

కాటన్ మీద రియాక్టివ్ డై (దారంతో రసాయనికంగా కలిసే రంగు) వాడితే మొత్తం రంగు దారానికి పట్టుకోదు, కొంత నీళ్ళతో కలిసిపోయి ఊరికే బట్టలో కూర్చుంటుంది, దిగేది అదే. మామూలు అద్దకంలో అయితే వేడి చేసి గట్టిగా పట్టించొచ్చు, బాటిక్‌లో మైనం ఉంది కాబట్టి వేడి చేయలేం, చేస్తే గీతలన్నీ కరిగిపోతాయి. వేడితో వచ్చేది టైమ్‌తో తెచ్చుకోవాలి. చల్లటి నీళ్ళలో పనిచేసే రకం డై తీసుకుని, సోడా యాష్ (రంగుని దారానికి పట్టించే క్షార పొడి) సరిగ్గా తూచి వేసి, బట్ట తడి ఆరకుండా ప్లాస్టిక్ షీట్ చుట్టి రాత్రంతా వదిలేయండి. టర్కాయిస్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు మాత్రం మిగతా వాటికంటే నెమ్మది, దానికి ఇంకా ఎక్కువ టైమ్ ఇవ్వాలి.

తర్వాత అందరూ తొందరపడే చోటు ఒకటుంది, రంగు అవ్వగానే మైనం తీయడానికి నేరుగా మరిగే నీళ్ళలో వేసేస్తారు. అప్పుడు వదులుగా ఉన్న రంగంతా ఒకేసారి బయటికొచ్చి తెల్ల భాగాల మీద కూర్చుంటుంది. ముందు చల్లటి నీళ్ళలో నీళ్ళు తేటగా వచ్చేవరకు జాడించి, ఆ తర్వాతే మరిగించండి. సరుకు ప్యాక్ చేసేముందు ఒక తడి తెల్ల గుడ్డని ముదురు రంగు మీద పెట్టి ఇస్త్రీ పెట్టి చూడండి, గుడ్డకి రంగు అంటితే ఇంకా వేడి నీళ్ళు సబ్బుతో ఉతకాల్సి ఉందన్నమాట. "ఉప్పు నీళ్ళలో నానబెట్టండి" అని కార్డు మీద రాసి పంపేవాళ్ళు ఉన్నారు, దయచేసి అలా చేయకండి, మనం చేయాల్సిన ఉతుకుని కస్టమర్ మీదకి తోసినట్టు అవుతుంది, పైగా అయిపోయిన బట్ట మీద రియాక్టివ్ డైని ఉప్పు ఏమీ గట్టిపరచదు.

సమస్య: బట్ట బిరుసుగా ఉంది, ఏదో వాసన, ప్యాకింగ్ కాగితం మీద జిడ్డు మరకలు

మైనం పూర్తిగా పోలేదు. మరిగించినప్పుడు మైనం పైకి తేలుతుంది, బట్టని ఆ పొరలోంచే పైకి లాగితే పోయిన మైనం మళ్ళీ పలచగా అంటుకుంటుంది. గిన్నె దగ్గర నిలబడి చూస్తే కనపడుతుంది, బట్ట పైకి వస్తున్నప్పుడు అంచుల్లో సన్నటి తెల్లటి పొర గడుతుంటుంది. తేలిన మైనాన్ని ఎప్పటికప్పుడు గరిటెతో తీసేస్తూ, ఒక గిన్నెలోంచి తీసి వెంటనే రెండో వేడి గిన్నెలో, వీలైతే మూడో దాంట్లో వేయాలి. కాటన్‌కి సోడా యాష్ వేసి మరిగించొచ్చు, సిల్కుకి మాత్రం వద్దు, దారం మెరుపు చచ్చిపోతుంది, ఘాటు లేని సబ్బు చాలు. చెకింగ్‌కి రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి, కాగితం ఎక్కడైనా నూనె తగిలినట్టు పారదర్శకంగా మారితే మళ్ళీ గిన్నెలోకే.

సమస్య: గీతలు చెదిరిపోయాయి, రంగు మైనం కిందకి పాకింది

మైనం చల్లబడ్డాక పెట్టారు, లేదా బట్టలో గంజి అలాగే ఉంది. సరైన వేడిలో పెట్టిన మైనం బట్టలోకి ఇంకి పారదర్శకంగా కనిపిస్తుంది, వెనక్కి తిప్పినా గీత కనపడుతుంది. తెల్లగా పైపైన పూసినట్టు ఉంటే అది పట్టలేదు. అలాగని పొగ వచ్చేదాకా వేడి చేయకండి, గీత వెడల్పైపోతుంది, పైగా నిప్పు ప్రమాదం (మైనం అంటుకుంటే నీళ్ళు అస్సలు పోయొద్దు, మూత పెట్టేయాలి). థర్మోస్టాట్ ఉన్న పాత్ర పెట్టుకోండి. పగుళ్ళ గీతలు ఎక్కువ కావాలంటే పారఫిన్ (కొవ్వొత్తుల మైనం) పెంచండి, తగ్గాలంటే తేనెమైనం పెంచండి, అది సాగుతుంది కాబట్టి తొందరగా విరగదు.

సమస్య: శాంపిల్ ఒక షేడ్, ఆర్డర్ ఇంకో షేడ్

గొడవలన్నిటిలో పెద్దది ఇదే, బయ్యర్లు కూడా దీనికే ఎక్కువ విసుక్కుంటారు. చేతిపని అంటే తేడా ఉంటుంది కదా అని మనం సర్దిచెప్తాం, కానీ నిజాయితీగా చూస్తే సగం తేడా చేతిది కాదు, చెంచాది. డైని చెంచాతో కొలిస్తే ఎప్పుడూ ఒకేలా రాదు, గ్రాముల్లో తూచాలి, బట్ట బరువుకి ఎంత శాతం అన్న లెక్కలో రాసుకోవాలి. నీళ్ళు మారినా షేడ్ మారుతుంది, ఒకే టబ్‌లో పదో బట్టకి వచ్చేసరికి రంగు పలచబడుతుంది, కొత్త తానుకి పాత తానుకి పీల్చుకోవడంలో తేడా ఉంటుంది. అన్నీ కలిసి బయ్యర్ చేతిలో ఒకేసారి బయటపడతాయి.

ఒక ఆర్డర్‌కి ఒకే లాట్ (ఒకేసారి తయారైన) బట్ట కొనండి. ప్రతి షేడ్‌కి చిన్న ముక్క, పక్కన డై గ్రాములు, సోడా, టైమ్ రాసిన కార్డు దాచండి. పగటి వెలుతురులో పోల్చండి, ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన రెండు ముక్కలు ఎండలో వేరుగా ఉంటాయి. బయ్యర్‌కి ఒక్క ముక్క పంపకుండా లేత, మధ్య, ముదురు అని మూడు పంపి "సరుకు వీటి మధ్యలో ఉంటుంది" అని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఒక చొక్కాకి కావలసిన ముక్కలన్నీ ఒకే బట్టలోంచి కత్తిరించాలి, ఇది మాత్రం తప్పదు.

సమస్య: ల్యాబ్ టెస్ట్‌లో ఫెయిల్

యూరప్‌లో రీచ్ రూల్స్ (యూరోపియన్ యూనియన్ రసాయనాల చట్టం) ప్రకారం కొన్ని అజో డైల (ఒక రకం కృత్రిమ రంగులు) నుంచి విడుదలయ్యే 22 రకాల అమీన్లు (క్యాన్సర్ ప్రమాదం ఉన్న రసాయనాలు), ఒక్కోటి కిలోకి 30 మిల్లీగ్రాములు మించకూడదు. కాగితాలు లేకుండా లూజుగా కొన్న పాత నాఫ్థాల్ రంగుల్లో (ఇవీ అజో రకమే) ఈ రిస్క్ ఎక్కువ. ఎంత ఉతికినా ఇది పోదు, ఆ లాట్ పోయినట్టే. అందుకే డై కొనేటప్పుడే డిక్లరేషన్ అడగండి, ఓకో-టెక్స్ ఎకో పాస్‌పోర్ట్ (రంగులు, రసాయనాలు హానికరం కాదని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్) ఉంటే ఇంకా మంచిది, పెద్ద ఆర్డర్‌కి ముందు ఒక్క ముక్క ల్యాబ్‌కి పంపండి. లేబుల్ సంగతి కూడా ఇక్కడే చూసుకోండి, యూరప్‌కి ఏ దారం ఎంత శాతమో రాయాలి, అమెరికాకి దాంతోపాటు తయారైన దేశం, ఉతికే పద్ధతి కూడా ఉండాలి.

సమస్య: అందరూ బాగుంది అంటారు, ఎవరూ కొనరు

ఇండోనేషియాలోని జావాలో పొడుగు బాటిక్ బట్ట సుమారు రెండున్నర మీటర్ల పొడవు, మీటరుకి కొంచెం పైన వెడల్పు. దాని డిజైన్ అంతా నడుముకి చుట్టుకోవడానికి కుదిర్చింది. దాన్ని తెచ్చి కోటుగా కత్తిరిస్తే అంచు చంకలోకి పోతుంది, పువ్వు సగానికి తెగుతుంది. కొనేవాడికి ఏం తేడానో చెప్పడం రాదు గానీ ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. అందుకే ముందు బట్ట మీద కుట్టు ముక్కల ఆకారాలు పెన్సిల్‌తో గీసి, వాటి లోపలే మైనం పెట్టండి, ఒక్క మోటిఫ్‌ని (డిజైన్‌లో పదేపదే వచ్చే బొమ్మని) పెద్దది చేసి చుట్టూ ఖాళీ వదలండి. అయిదు రంగులు రెండుకి తగ్గిస్తే పైన చెప్పిన ఉతుకు, షేడ్ కష్టాలు కూడా సగం తగ్గుతాయి. టైమ్ తగ్గించాలంటే రాగి అచ్చుతో పెద్ద ఆకారం వేసి లోపలి నింపుడు చేత్తో చేయండి, అది కూడా బాటిక్కే. మిషన్ ప్రింట్ వేసి బాటిక్ అని అమ్మడం మాత్రం వద్దు, ఇండోనేషియా బాటిక్‌ని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది ఈ చేతి మైనం పనిని చూసే.

ఇంకో మాట, పరాంగ్ (ఏటవాలు వంకీ గీతల డిజైన్) లాంటి మోటిఫ్‌లు ఒకప్పుడు జావా రాజకుటుంబాలకే పరిమితం. వాటిని చెప్పుల మీద, కాళ్ళు తుడుచుకునే పట్టాల మీద వేయడం అక్కడివాళ్ళకి బాధ కలిగిస్తుంది, అలాంటి ఆర్డర్ వస్తే వేరే మోటిఫ్ చూపించండి.

సమస్య: ప్రింట్ బట్ట ఇంతకంటే చవక కదా అంటున్నారు

ఫొటోలో రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి అడుగుతున్నారు. బట్ట వెనక వైపు ఫొటో పెట్టండి, చేతి బాటిక్‌లో రంగు దాదాపు రెండు వైపులా ఒకేలా దిగుతుంది, ప్రింట్‌కి సాధారణంగా వెనక వెలిసినట్టు ఉంటుంది. మైనం పెడుతున్న చిన్న వీడియో, ఆ బట్టకి పట్టిన గంటలు కూడా జతచేయండి, రేటు తగ్గించే పని తర్వాత ఆలోచించొచ్చు.

సమస్య: ఉతికాక సైజు తగ్గిపోయింది

ముందే కుదించలేదు. మైనం పెట్టకముందే బట్టని సబ్బు, వేడి నీళ్ళలో ఉడికించి ఆరేయండి, గంజి కూడా పోతుంది. ముందు ఒక మీటరు గుర్తు పెట్టి, ఉతికాక మళ్ళీ కొలిచి, తేడా శాతం ఎంతో కుట్టేవాళ్ళకి ఇచ్చే కాగితం మీద రాయండి.